పద్నాలుగో కీలు మీద దిమ్మిస

తెప్పలవాడ, 31వ ఏడు
జూన్ 12, గురువారం

అల మూరెడు. గాలి తూర్పు నుంచి. ఊరి తెప్పల్ని కలిపే ఇరవై రెండు కీళ్లూ పొద్దున్నే తిరిగి చూశాను. కీలు అరిగితే కూయాల్సిన కాపలా పెట్టెలన్నిటి మీదా పచ్చ దీపమే. పద్నాలుగో కీలు మాత్రం దురదగా ఉంది.

దురద అని రాయవద్దని సంఘం ఆఫీసువాళ్లు నాకు రెండుసార్లు చెప్పారు. మరేమని రాయాలో చెప్పలేదు. రెండు తెప్పలు కలిసే చోట ఇనుప రేకు మీద వట్టి కాళ్లతో నిలబడితే, సముద్రం ఊపు మడమల్లోంచి నడుము దాకా వస్తుంది. అది మామూలు. దురద అరికాలి మధ్యలో పుడుతుంది, సన్నగా, ఆగి ఆగి. లోపలున్న బారెడు శీల ఎక్కడో సరిగ్గా కూర్చోలేదన్నమాట. పద్దెనిమిదేళ్లుగా ఈ కీళ్లు చూస్తున్నాను. నా కాళ్లు ఇంతవరకూ నాతో అబద్ధమాడలేదు.

ఈ పుస్తకంలో 'ఇతర వివరాలు' అనే గడి రెండంగుళాలే ఇచ్చారు. నాకు చాలదు. వెనక పేజీలు కూడా వాడుతున్నాను. అభ్యంతరం ఉన్నవాళ్లు వచ్చి ఈ నూకరత్నంతో చెప్పుకోవచ్చు.

సాయంత్రం దివిజ బడి నుంచి ఆలస్యంగా వచ్చింది. మా తమ్ముడి కూతురు, పదిహేనేళ్లది. తమ్ముడూ మరదలూ నాచు తోటల పనికి రెండు నెలలు సముద్రం లోపలికి వెళ్లారు, పిల్లని నా మీద వదిలి. కాళ్లకి రెండంగుళాల అట్టలున్న బూట్లు వేసుకొచ్చింది. తెప్ప మీద బూట్లేమిటే అంటే, దిమ్మిసకి కావాలంది.

దిమ్మిస అంటే, గట్టు మీద ఉన్న రోజుల్లో మా అమ్మమ్మ మట్టి నేల గట్టిపడేలా కొట్టిన కర్ర దిమ్మ. ఈ పిల్ల మట్టి నేల చూసింది బహుశా మూడుసార్లు. ఇప్పుడది డాన్సు పేరట.

జూన్ 16, సోమవారం

అల మూరెడు. పెట్టెలన్నీ పచ్చ. పద్నాలుగు మళ్లీ దురద.

డాన్సు గురించి కనుక్కున్నాను. గట్టు మీద ఎవరో పిల్లలు మొదలుపెట్టారు. కుడి మడమతో మూడు దెబ్బలు, ఎడమతో ఒకటి, చేతులెత్తి నాలుగు లెక్కలు ఆగడం, ఎగిరి రెండు కాళ్లతో ధనామని దిగడం. వీధిలో ఎంతమంది ఉంటే అంతమందీ ఒక్కసారే దిగాలి. గట్టు మీద దిగితే దుమ్ము లేస్తుంది. మన దగ్గర కింద బోలు పీపాలు కదా, తెప్ప మొత్తం డోలులా మోగుతుంది. దివిజ, ఇంకో ఏడుగురు బడి తెప్ప మీద దిగిన వీడియో నాలుగు రోజుల్లో పది లక్షలమంది చూశారు. ఇప్పుడు గట్టు మీది పిల్లలు అడుగుతున్నారట, అంత శబ్దం మీకెలా వస్తోందని.

ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డకీ నడకతోపాటు నేర్పేది ఒకటే, చెదురు నడక. నలుగురు కలిసి వెళ్తే నాలుగు రకాలుగా అడుగేయాలి. బడి వరసలో ఒకడు కుడికాలు ముందు వేస్తే వెనకవాడు ఎడమ వేస్తాడు. పాడె మోసేవాళ్లు కూడా అంతే. నా పెళ్లి ఊరేగింపు వీడియో చూసిన గట్టు చుట్టాలు మావాళ్లంతా తాగి ఉన్నారనుకున్నారు. అడుగులు కలిస్తే తెప్ప ఊగుతుంది, తెప్ప ఊగితే కీలు అరుగుతుంది. ఈ సంగతి ఇక్కడ చంటిపిల్లలకి కూడా తెలుసు.

రాత్రి అన్నం దగ్గర దివిజకి ఇదంతా మళ్లీ చెప్పాను. చెప్పనిచ్చింది. చివర్లో ఒక మాటంది.

"పుట్టిన కాడ్నించి పక్కోళ్లతో అడుగు కలపొద్దనే చెప్తన్నారు అత్తా. అందరం ఒక్కసారి దిగితే లోపల ఎలా ఉంటదో నీకు తెల్దు."

నిజమే, నాకు తెలియదు. కంచం ఎత్తుకుని వెళ్లిపోయాను.

జూన్ 21, శనివారం

అల జానెడు. ఇంత చిన్న అలకి తెప్పలు నిద్రపోతున్నట్టు ఉండాలి. ఉండటం లేదు.

సాయంత్రం అయిదయ్యేసరికి ఏ తెప్ప మీద చూసినా పిల్లలే. వలలు ఎండేసే తెప్ప మీద, ఆస్పత్రి తెప్ప మీద, చివరికి మంచినీళ్ల తెప్ప మీద కూడా. ఫోను ఎదురుగా నిలబెట్టడం, దిగడం, చూసుకోవడం, బాగా రాలేదని మళ్లీ దిగడం. ఒక్కచోట కూర్చోలేకపోతున్నాను. ఈ కీలు మీద నిలబడితే ఆ కీలు మోగుతుంది, అక్కడికి పోతే ఇక్కడ. ఈ వారంలో నడిచినంత ఏడాదిలో నడిచి ఉండను.

బజారు తెప్ప మీద, సరిగ్గా పద్నాలుగో కీలు పక్కనే, అచ్చియమ్మ బజ్జీల బండి పెడుతుంది. ఈరోజు నన్ను పిలిచి మూకుడు చూపించింది. పొయ్యి ఆపేసి ఉంది, నూనె మాత్రం కదులుతోంది. మధ్యలో పుట్టిన వలయాలు ఒకదాని వెనక ఒకటి అంచుకి వస్తున్నాయి. అవతల బడి తెప్ప మీద ముప్ఫైమంది దిగుతున్నారు. వాళ్లు దిగినప్పుడల్లా ఒక వలయం.

పెట్టె మీద దీపం చూశాను. పచ్చ.

జూన్ 25, బుధవారం

సంఘం సెక్రటరీ ప్రభుదాసు గారి దగ్గరకి వెళ్లాను. చెడ్డవాడు కాదు. తుఫాను ఏడాది నడుం లోతు నీళ్లలో నిలబడి పిల్లల్ని మోసిన మనిషి. కుర్చీ వేసి, టీ తెప్పించి, గోడ మీద బొమ్మ చూపించాడు. ఇరవై రెండు కీళ్లు, ఇరవై రెండు పచ్చ చుక్కలు.

తర్వాత సంగతి చెప్పాడు. జులై 6 ఆదివారం సాయంత్రం పెద్ద దిమ్మిస. బజారు తెప్ప మీద సగం, బడి తెప్ప మీద సగం, మొత్తం మూడు వందలమంది పిల్లలు. లోకమంతా అప్పటికప్పుడే చూస్తుంది. గట్టు నుంచి పడవల్లో జనం వస్తారు. ముందు నిలబడి ఆడేది దివిజ.

ఆ రెండు తెప్పల్నీ కలిపేది పద్నాలుగో కీలే. శీల విరిగితే తెప్పలు అడుగున్నర దూరం విడిపోయి మళ్లీ ఢీకొంటాయి. రెండిటి మధ్యా పడినవాళ్లని ఎవరూ బతికించలేరు. ఇదే ఆయనకి చెప్పాను, గొంతు పెంచకుండానే.

దీపం పచ్చగా ఉండగా నా అరికాలు దురద పెట్టిందని పండగ ఆపితే జనానికి ఏం చెప్పాలని అడిగాడు. అది కూడా గొంతు పెంచకుండానే.

జూన్ 28, శనివారం

మూడు రోజులుగా ఒకటే ఆలోచన. నూనెకి తెలిసింది పెట్టెకి ఎందుకు తెలియడం లేదు?

నా కాళ్లే పాడయ్యాయేమోనని భయం కూడా వేసింది. యాభై మూడేళ్లు వచ్చాయి. మడమలు పగిలి గట్టిపడ్డాయి. ఉప్పునీళ్లలో నానబెట్టి, రాయితో రుద్దుకుని మళ్లీ వెళ్లి నిలబడ్డాను. దురద ఇంకా పెరిగింది.

అప్పుడు పాత పుస్తకాలు తీశాను. పెట్టెలు బిగించిన ఏడాది, 22వ ఏడుది. ఆగస్టు 3 కింద నా రాతే ఉంది. ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను:

"బడి వదిలినప్పుడల్లా పెట్టెలు కూస్తున్నాయి. తల ప్రాణం తోకకొస్తోంది. గట్టు నుంచి వచ్చిన మెకానిక్కుతో చెప్పాను. మీ ఊళ్లో జనం ఎప్పుడైనా అడుగు కలుపుతారా అని అడిగాడు. మా బొందిలో ప్రాణం ఉండగా కలపరని చెప్పాను. అయితే మనిషి అడుగుల్ని పట్టించుకోవద్దని పెట్టెకి నేర్పేస్తానన్నాడు. నేర్పించాను. ఇప్పుడు హాయిగా ఉంది."

ఆ చివరి మాట కింద వేలు పెట్టి చదివాను. ఎంత గర్వంగా చెప్పానో కూడా గుర్తొచ్చింది. మెకానిక్కు నవ్వితే, మా నడక మీకు రాదులే బాబూ అని వేళాకోళం కూడా ఆడాను. పెట్టె తప్పేం లేదు. అలల్ని చూడమన్నాం, చూస్తోంది. పిల్లల్ని చూడవద్దని నేనే చెప్పాను.

జూన్ 30, సోమవారం

పాత పుస్తకం పట్టుకెళ్లి ప్రభుదాసు గారి ముందు పెట్టాను. చదివాడు. మళ్లీ చదివాడు. లేచి తలుపు వేసి వచ్చాడు.

"అంటే తొమ్మిదేళ్లబట్టి కాపలా లేకుండా బతికేమా, నూకరత్నం గారూ?"

అవునన్నాను.

ఆయన భయం నాకు అర్థం కాకపోలేదు. ఈ మాట బయటికొస్తే గట్టు మీది అధికారులు తెప్పలవాడ మొత్తం ఖాళీ చేయిస్తారు. ఆరువేలమంది గట్టున గుడారాల్లో పడాలి. మళ్లీ ఎప్పుడు రానిస్తారో తెలియదు. మెకానిక్కుని పిలిపిస్తానన్నాడు. ఎనిమిదో తారీఖు మంగళవారం కంటే ముందు రాలేడట. కనీసం ఆదివారం ఆట ఆపమన్నాను. ఎందుకు ఆపామో చెప్పాలి కదా అన్నాడు. ఏదో ఒకటి చెప్పమన్నాను. లోకమంతా చూస్తుంటే ఏదో ఒకటి చెబితే వంద ప్రశ్నలు వస్తాయన్నాడు. ఒక్క ఆదివారం, అరగంట, అంతే కదా అన్నాడు. ఎదురుగా ఉన్నది నేను అయినా, ఆ మాట తనకే చెప్పుకుంటున్నట్టు ఉంది.

నన్ను మంగళవారం దాకా పనిలోంచి తప్పించాడు. కీళ్ల తాళాలు తీసుకున్నాడు. ఈ పుస్తకం అడగడం మర్చిపోయాడు. నేను గుర్తు చేయలేదు.

జులై 5, శనివారం

పని లేదు, అయినా తిరుగుతూనే ఉన్నాను. పెట్టె సంగతి ఎత్తకుండా, కీలు బాగోలేదని నలుగురైదుగురు తల్లిదండ్రులకి చెప్పి చూశాను. విన్నారు, నా భుజం మీదుగా పచ్చ దీపం వైపు చూశారు, పిల్లలు ఎన్ని రోజులుగానో ప్రాక్టీసు చేస్తున్నారమ్మా అన్నారు.

సాయంత్రం దివిజని కూర్చోబెట్టి మొత్తం చెప్పేశాను. పెట్టె సంగతీ, నా రాతా, ప్రభుదాసు గారి మాటా. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. పద్నాలుగో కీలు మీద ఒక్కసారి బూట్లు విప్పి నిలబడమన్నాను.

"రేపు అయిపోయేక నిలబడతానత్తా. ఇప్పుడు నిలబడితే రేపు ఆడలేను."

అంటే నమ్మింది. నమ్మకపోయి ఉంటే నవ్వి నిలబడేది. అది నాకు ఇంకా కష్టమనిపించింది. ఎప్పుడూ ఎవరితోనూ అడుగు కలపని ఊళ్లో పుట్టి, మూడు వందలమంది తన అడుగులో అడుగు వేసే రోజు కోసం ఎదురుచూస్తున్న పిల్ల. ఆ వయసులో నన్ను ఎవరైనా పిలిచి ఇలా అడిగి ఉంటే నేను మాత్రం విప్పేదాన్నా? గదిలో కట్టేసి తాళం వేద్దామన్న ఆలోచన కూడా వచ్చింది. వేస్తే ఇంకో పిల్ల ముందు నిలబడుతుంది. మిగతా రెండువందల తొంభై తొమ్మిదిమందీ అక్కడే ఉంటారు.

జులై 6, ఆదివారం



నాలుగున్నరకే వెళ్లి పద్నాలుగో కీలు రేకు మీద వట్టి కాళ్లు పెట్టుకుని కూర్చున్నాను. లేపడానికి ఇద్దరు వాలంటీర్లు వచ్చారు. ముసలిదాన్ని, కాళ్లు నొప్పులు, ఇక్కడి నుంచే చూస్తానన్నాను. వదిలేశారు. కీలు మీద ఎవరూ ఆడకుండా అయినా చూడొచ్చని నా ఉద్దేశం. అంతకు మించి నా చేతిలో ఏమీ లేదు.

దివిజ నిలబడిన బల్ల నాకు ఆరడుగుల దూరంలో ఉంది. రెండు తెప్పల మీదా పిల్లలు దాని వైపే తిరిగి ఉన్నారు. చుట్టూ పడవలు. పాట మొదలైంది.

మొదటిసారి మూడు వందలమంది దిగినప్పుడు నా ఒళ్లు జలదరించింది. భయంతోనే కాదు. ఆ పిల్ల చెప్పింది అదేనని తెలిసింది. ఊరంతా ఒక్క మనిషై ఒక్క అడుగు వేసినట్టు ఉంది. నాకు ఏడుపొచ్చింది.

రెండోసారికి దురద ఎముకలోకి దిగింది. మూడోసారికి రేకు కింద టిక్కుమంది. పాట హోరులో అది ఎవరికీ వినపడదు, నాకూ చెవికి వినపడలేదు, కాలికి తెలిసింది. అచ్చియమ్మ మూకుడులో నూనె అంచు దాటి బండి మీద పడింది. నేను దివిజ వైపు చూశాను. చెయ్యి ఊపలేదు, అరవలేదు. ఊరికే చూశాను. నా మొహంలో ఏం కనిపించిందో నాకు తెలియదు.

చేతులెత్తి నాలుగు లెక్కలు ఆగాలి కదా. ఆ నాలుగు లెక్కల్లో దివిజ ఒక బూటు, తర్వాత ఇంకో బూటు విదిలించి పారేసింది. వట్టి కాళ్లతో దిగింది. దిగీ దిగగానే దాని మొహం మారిపోయింది.

ఆపండి అని అది అరిచి ఉంటే పాటలో ఎవరికీ వినపడేది కాదు. వినపడితే ఇంకా ఘోరం, మూడు వందలమందీ ఒక్కసారి ఈ కీలు మీదకే పరుగు తీసేవాళ్లు. దివిజ అరవలేదు. తప్పు అడుగు వేసింది.

కుడి మడమతో మూడు కొట్టాల్సిన చోట రెండు కొట్టింది. ఎడమ కాలు ముందే వేసింది. ఎగరాల్సినప్పుడు ఆగి, ఆగాల్సినప్పుడు ఎగిరింది. పిల్లలంతా దాన్నే చూస్తూ ఆడుతున్నారు. కొందరు దాన్ని అనుసరించారు, కొందరు పాత లెక్కే పట్టుకున్నారు, కొందరు తడబడి పక్కవాళ్లని చూశారు. మరోసారి ఇంకోలా తప్పింది. ఆ తర్వాత మరోలా. ఒక నిమిషంలో మూడు వందలమందివి మూడు వందల అడుగులైపోయాయి. తెప్ప మోగడం మానేసి వాన పడుతున్నట్టు టపటపలాడింది. నా కాలి కింద ఊపు తగ్గింది.

పడవల్లో జనం నవ్వడం మొదలుపెట్టారు. ఎవరో ఈల వేశారు. దివిజ బల్ల మీద అటూ ఇటూ చెదురు నడక నడుస్తూనే ఉంది, మొహం నిండా నీళ్లు కారుతున్నా, పాట పూర్తయ్యే వరకూ.

పాట అయ్యాక దిగి వచ్చి నా పక్కన రేకు మీద కూర్చుంది. పెద్దపిల్లలు ఒకరొకరే మమ్మల్ని దాటి వెళ్లారు. ఒక పిల్ల మాత్రం ఆగి, అంతా నాశనం చేశావని దాని మొహం మీదే అని వెళ్లింది.

"మర్చిపోయేననుకుంటన్నారు అత్తా."

నేను దాన్ని దగ్గరకి తీసుకున్నాను. 

జులై 9, బుధవారం

నిన్న మెకానిక్కు వచ్చాడు. పద్నాలుగో కీలు విప్పి శీల బయటికి లాగాడు. నా ముంజేయి అంత లావు శీల. అడ్డంగా పగిలి, వేలెడు మందం మిగిలి ఉంది. పగులు లోపలంతా కొత్తగా తళతళలాడుతోంది. ప్రభుదాసు గారు దాన్ని ముట్టుకుని, చెయ్యి వెనక్కి తీసుకుని, పక్కకి వెళ్లి రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు.

కొత్త శీల వేశారు. ఆ పెట్టెకి మనిషి అడుగులు మళ్లీ నేర్పారు. మిగతా ఇరవై ఒకటీ వచ్చే నెలలో. ఊరికి మాత్రం మామూలు మరమ్మతు అని చెప్పారు. నా తాళాలు నాకు తిరిగిచ్చారు, ఎందుకిచ్చారో ఎవరికీ చెప్పనక్కర్లేకుండా.

దివిజ వీడియో కోటిమంది చూశారట. దాని పేరు 'తెప్ప పిల్ల తప్పులు'. గట్టు మీది పిల్లలు దాని మొహం మీద గాడిద చెవులు అతికించి పంపుతున్నారు. బడిలో ఎవరూ దాని పక్కన కూర్చోవడం లేదు. నిజం చెప్పేద్దామంటే అదే వద్దంది. గుడారాల సంగతి దానికి తెలుసు.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఈ పుస్తకం ఎప్పటికైనా ఎవరో ఒకరు తీస్తారు, నేను 22వ ఏడుది తీసినట్టు. పెంటకోట దివిజ ఏ అడుగూ మర్చిపోలేదు. మూడు వందలమంది ఎదుట కావాలని తప్పింది. తప్పు చేసింది నేను, తొమ్మిదేళ్ల కిందట.

జులై 19, శనివారం

అల జానెడు. గాలి లేదు.

వారం రోజులుగా సాయంత్రం చుట్టు తిరగడానికి దివిజ కూడా వస్తోంది. రమ్మని నేను అడగలేదు. బూట్లు లేవు. కీలు కీలుకీ నిలబడుతుంది, కళ్లు మూసుకుంటుంది, ఏమీ చెప్పదు. నేనూ అడగను.

గట్టు మీద కొత్త పిచ్చి మొదలైందని అచ్చియమ్మ చెప్పింది. దివిజ తప్పులు చూసి నవ్వి నవ్వి, వాటినే నేర్చుకోవడం మొదలుపెట్టారట. రెండు మడమలు, ముందొచ్చే ఎడమ కాలు, ఆగి ఎగరడం, అన్నిటికీ లెక్కలు కట్టి, నెమ్మదిగా చూపించే పాఠాలు కూడా పెట్టారు. పేరు తప్పు దిమ్మిస. నిన్న మొన్నటిదాకా దివిజతో మాట్లాడని మన పిల్లలు కూడా అది ఆడుతున్నారు.

అయిదు గంటలకి తొమ్మిదో కీలు దగ్గరకి వచ్చాం. ఇక్కడి పెట్టెకి ఇంకా అడుగులు నేర్పలేదు. దీపం పచ్చగా ఉంది. అవతల వలల తెప్ప మీద నలభైమంది దాకా పిల్లలు వరసగా నిలబడి, ఫోను వైపు చూస్తూ, దివిజ తప్పుల్ని ఒక్కటీ వదలకుండా చేస్తున్నారు. అందరూ ఒక్కసారే తప్పుతున్నారు.

రేకు మీద నిలబడ్డాను. అల, గాలి, మామూలు ఊపు. నాకేమీ తెలియలేదు.

దివిజ ఒక కాలు ఎత్తింది.

"అత్తా, దురద."

నేను ఇంకో రెండు ఊపిర్లు ఆగాను. అప్పుడు వచ్చింది, అరికాలి మధ్యలో, సన్నగా. నాకంటే ముందే దానికి అందింది. పద్దెనిమిదేళ్ల తర్వాత మొదటిసారి నా కాళ్లకి కాస్త విశ్రాంతి దొరికినట్టు అనిపించింది. పుస్తకం దానికిచ్చాను. గడిలో ఏం రాయాలని అడగలేదు, రాసేసింది.

తొమ్మిదో కీలు. దురద.

పుస్తకం నా చంకలో పెట్టి పిల్లల వైపు పరుగెత్తింది. వెనకే నేనూ పరుగెత్తాను, దాని అడుగులో అడుగు పడకుండా చూసుకుంటూ.